సారమ్మత్త పేరు చెప్పని ఆదివారం

పోయిన నెలలో తిరుపతిలో మా సంఘం పాస్టరు గారు ఇంటికొచ్చి, కొత్తగా ఎన్నుకున్న నాయకులకు ఒక పూట తరగతి చెప్పమని అడిగారు. కుర్రవాడు, మంచివాడు. అంశం కూడా ఆయనే తెచ్చాడు. సంఘంలో బలహీనంగా ఉన్నవాళ్ళను ఎట్లా చూసుకోవాలి, రేపటి నాయకులను ఎట్లా తయారు చేసుకోవాలి అని. ఇంతకాలం ఏదో ఒక కమిటీ కుర్చీలో కూర్చున్న మనిషిని గదా, ఈవిడ కంటే ఎవరు చెప్పగలరు అనుకున్నాడు పాపం. సరేనన్నాను. ఆయన పోయాక కాగితం ముందు పెట్టుకొని కూర్చుంటే ఒక్క మాటా కదల్లేదు. పాకాలలో ఒక ఇంటి వెనక గదీ, ఆ గది వాకిట్లో నిలబడిన ఒక ఆడమనిషీ తప్ప నాకేమీ గుర్తు రాలేదు. ఆమె పేరు సారమ్మ. మాకు చుట్టమేమీ కాదు గానీ నేను సారమ్మత్త అని పిలిచేదాన్ని.

మా నాయన రైల్వేలో గ్యాంగు మేస్త్రీ. అప్పటికి పాకాలలో ఇంకా మీటరు గేజి చిన్న లైనే ఉండేది. జంక్షను ఊరు గనక మా ఇంట్లో పనులన్నీ గడియారం కంటే బండ్లనే నమ్ముకొని నడిచేవి. కాట్పాడి నుంచి వచ్చే బండి కూత వినబడితే అమ్మ ఎసట్లో బియ్యం పోసేది. పోసేముందు ఒక పిడికెడు తీసి గోడవార డబ్బాలో వేసేది. మా సంఘంలో ప్రతి ఇంట్లోనూ అట్లాంటి డబ్బా ఉండేది. ఆదివారం ఆ బియ్యాన్ని సంచిలో కట్టుకొని పోయి, చర్చిలో ప్రసంగం బల్ల పక్కనున్న గోతంలో పోసేవాళ్ళం. ఒకరివి సన్నబియ్యం, ఒకరివి రేషను బియ్యం, ఒకరివి ఆ ఏడు ఆడించిన కొత్తవి. అన్నీ కలిసి సంఘంలోని విధవరాళ్ళకు పోయేవి. ఆ కలగాపులగం బియ్యం వండితే సగం ముద్దయి సగం పలుకుగా మిగులుతాయని మాలో ఎవరికీ తెలియదు, ఎందుకంటే మేమెవరం వాటిని వండుకోలేదు. ఇచ్చామన్న తృప్తి మాత్రం ఇంటికి తెచ్చుకునేవాళ్ళం.

శుక్రవారం సాయంత్రం ఇంటి కూడిక. వరస ప్రకారం ఒక్కో వారం ఒక్కో ఇంట్లో అందరం చేరి ప్రార్థన చేసుకునేవాళ్ళం. మా వంతు వస్తుందంటే ముందు నుంచే ఇల్లు తిరగబడేది. అమ్మ కోళ్ళ గంపను వెనక్కి నెట్టించి, గచ్చు మీద ఫినాయిలు చల్లించేది. పక్కిళ్ళ నుంచి తెచ్చిన ఈతచాపలు, కిరసనాయిలు స్టవ్వు మీద మరిగే టీ, తాలింపు పెట్టిన అలసంద గుగ్గిళ్ళు, మగవాళ్ళ మెడలకు పూసుకున్న పౌడరు, ఈ వాసనలన్నీ కలిస్తే నాకు ఇప్పటికీ అది ప్రార్థన వాసనే. ఆ పొద్దు నాయన డ్యూటీ దిగి రాగానే చేతులకంటిన గ్రీజును కిరసనాయిలుతో తుడిచి, ఇసకతో రుద్ది, సబ్బుతో కడిగేవాడు. అంతా అయ్యాక చేతులు ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూసుకునేవాడు. తువ్వాలులో చుట్టిపెట్టిన బైబిలును ముట్టుకోవచ్చా లేదా అని ఆయనకదొక పరీక్ష. పాసయ్యేదాకా అమ్మ టీ ఇచ్చినా తాగేవాడు కాదు.

కూడికకు ఒక కట్టడి ఉండేది. ఎవరింట్లో జరిగితే ఆ ఇంటివాళ్ళే నడపాలి. పాట వాళ్ళే ఎత్తాలి, వాక్యం వాళ్ళే చదవాలి, మొదటి ప్రార్థన వాళ్ళే చెయ్యాలి. పాస్టరు గారైనా సరే చాప మీద కూర్చొని వినాల్సిందే. నాయన చదివింది తక్కువ. మొదటిసారి మా ఇంటికి కూడిక వచ్చినప్పుడు కీర్తన చదవబోయి, అక్షరాలు కూడబలుక్కుంటూ చెమటలు కక్కాడనీ, అయినా ఒక్కరు కూడా నవ్వలేదనీ అమ్మ చెప్పేది. మళ్ళీ వంతు వచ్చేలోపల పట్టాల పక్కన కూర్చొని సద్దికూడు తినే వేళలో కూడా చదువుకున్నాడట. అట్లా అట్లా సంఘ పెద్ద అయ్యాడు. ఇంట గెలిచి రచ్చ గెలవడమంటే అదే. మా పెద్దలంతా ఏ తరగతికీ పోకుండా, సొంత ఇంట్లో, తమ వాళ్ళ మధ్య నోరు విప్పి నేర్చుకున్నవాళ్ళే. మరి వరసలో ఇల్లు లేనివాళ్ళకు ఆ నోరు ఎట్లా వస్తుందని మేమెప్పుడూ అడుక్కోలేదు. విధవరాళ్ళకు వరస ఉండేది కాదు. టీ పోయాలి, గుగ్గిళ్ళు పెట్టాలి, వాళ్ళకెందుకా బరువు అని వాళ్ళ వాకిళ్ళు దాటుకొని ముందుకు పోయేవాళ్ళం. దాన్ని దయ అనుకునేవాళ్ళం.

ఆదివారం ఆరాధన చివర, వచ్చే శుక్రవారం కూడిక ఫలానా వారింట్లో అని ప్రకటించే పనిని అప్పటి పాస్టరు గారు నాకిచ్చారు. నేను చిత్తూరులో డిగ్రీ చదువుతున్నాను. రోజూ బస్సులో పోయి వచ్చేదాన్ని. గొంతు గట్టిది, పిల్ల చురుకైనది, దీన్ని మనం నాయకురాలిగా తయారు చేస్తున్నాం అని ఆయన అందరితో చెప్పేవారు. తయారు కావడమంటే ఏమిటో నాకు తెలియదు గానీ, నేను లేచి నిలబడితే తలలన్నీ నా వైపు తిరగడం మాత్రం తెలుసు. అది నాకు చాలా ఇష్టంగా ఉండేది. పైగా ఆ ప్రకటనకు ఒక బరువుండేది. అది చిన్న ఊరు. ఫలానా ఇల్లు ఫలానా వాళ్ళది, వాళ్ళు మా మనుషులు అని సంఘమంతా ఒప్పుకున్నట్టు. పేరు వినబడగానే ఆ ఇంటి ఆడవాళ్ళు కొంగు సర్దుకొని కాస్త నిటారుగా కూర్చునేవాళ్ళు.

సారమ్మత్త భర్త గూడ్సు షెడ్డులో హమాలీ. మామిడికాయల కాలంలో బుట్టలెత్తుతూ అక్కడే కుప్పకూలి చనిపోయాడు. పిల్లల్లేరు. ఆమె మండీ నుంచి చింతకాయలు తెచ్చుకొని, ఇంట్లోనే కొట్టి గింజ తీసి ఇచ్చేది. వేళ్ళు ఎప్పుడూ నల్లగా, పుల్లటి వాసనతో ఉండేవి. మామగారు కట్టిన ఒక్కటే ఇల్లు వాళ్ళది. మధ్యలో గోడ లేపి, ముందు భాగం మరిది రాజరత్నానికి, వెనక భాగం ఈమె భర్తకు పంచి పోయాడు ఆ పెద్దాయన, నోటిమాటగా. రాజరత్నానికి బస్టాండు దగ్గర సైకిళ్ళ అంగడి. మంచి పాటగాడు, డోలక్కు వాయిస్తాడు, చర్చికి రేకులు వేసేటప్పుడు దగ్గరుండి పని చేయించినవాడు. ఆయన ఇంటికి వరస ఉండేది. మేమంతా ముందు భాగంలో కూర్చుంటే సారమ్మత్త వెనక గ్లాసులు కడిగేది. ఒకే కప్పు కింద గదా, అక్కడ జరిగితే ఈమెకూ జరిగినట్టే అనుకునేవాళ్ళం.

ఒకసారి స్త్రీల కూడికలో ప్రార్థన చెయ్యాల్సిన ఆవిడ రాకపోతే, అమ్మ సారమ్మత్తను చెయ్యమంది. ఆమె మొహమాటపడి, తర్వాత కళ్ళు మూసుకుంది. ఎదురుగా కూర్చున్న మనిషితో మాట్లాడినట్టు దేవుడితో మాట్లాడింది. ఎవరి కొడుకు పరీక్ష తప్పాడో, ఎవరి బావి ఎండిందో, ఎవరి కోడలు అలిగి పోయిందో, మా నాయన మోకాలి నొప్పితో సహా పేరుపేరునా అప్పజెప్పింది. ఏ ఇంటికి కూడిక పోయినా వెనక కూర్చొని గ్లాసులు కడిగే మనిషికి ఆ ఇంటి సంగతి తెలియకుండా ఉంటుందా. ఆడవాళ్ళంతా ఏడ్చేశారు. నాకు ఏడుపు రాలేదు. లోపల కొంచెం మంట పుట్టింది. అంతవరకు ఆ కూడికల్లో బాగా ప్రార్థన చేసే మనిషినని పేరు నాకుండేది.

ఒక శనివారం సాయంత్రం చిత్తూరు బస్సు దిగి వస్తుంటే సారమ్మత్త రోడ్డు మీద నాకోసం కాచుకొని ఉంది. మరిది వెనక భాగం ఖాళీ చెయ్యమంటున్నాడని చెప్పింది. సామాన్లు పెట్టుకోవడానికి అంగడి చాలడం లేదట. ఇల్లంతా తనదేననీ, వదిన కదా అని ఉండనిచ్చాననీ వీధిలో అందరితో అంటున్నాడట. బావి వైపు తలుపుకు తాళం కూడా వేశాడు. ఇదంతా ఆమె మెల్లిగా, ఎవరిమీదా కోపం లేనట్టు చెప్పింది. ఆ తర్వాత నా చెయ్యి పట్టుకుంది.

"వచ్చే శుక్కురారం కూడిక మా మరిదింట్లో గదా పాపా. రేపు నువ్వు చెప్పేటప్పుడు ఆయన పేరు చెప్పొద్దు. సారమ్మింట్లో అని చెప్పు. నా గదిలోనే చాప పరస్తాను. అలసందలు నానేసుకుంటాను."

ఎందుకత్తా అని అడిగాను. నాకు నిజంగానే అర్థం కాలేదు.

"నాకూ మనుషులుండారని వాడు సూడాల. ఇది నా ఇల్లని మీ నోట వినాల. ఒక్క తూరి చెప్పు, సాలు."

సరేనత్తా అన్నాను. ఆ మాట చాలా తేలిగ్గా వచ్చింది నాకు.

ఇంటికొచ్చి చెప్తే అమ్మ ముందు జాలిపడింది. చింతపండు కొట్టుకొని బతికే మనిషి, అంతమందికి టీ నీళ్ళు యాడ పోస్తాది అంది. నాయన అప్పుడే చేతులు కడుక్కొని వాసన చూసుకుంటున్నాడు. ఆయన భయం ఆయనది. అంతకుముందే ఒక పొలం గట్టు తగాదాలో పెద్దలు ఒక పక్క మాట్లాడినారని రెండు కుటుంబాలు సంఘం విడిచిపోయాయి. ఉన్నదే చిన్న సంఘం. రాజరత్నం కూడా అలిగిపోతే పాట ఎత్తేవాడుండడు. అన్నాదమ్ముల ఇల్లు, వాళ్ళూ వాళ్ళూ తేల్చుకుంటారు, సంఘం తల దూర్చకూడదన్నాడు. చివరికి నాతో, "మనమెందుకు నడమ పడేది? వరసలో యా పేరుండాదో ఆ పేరే చెప్పు" అన్నాడు. సైకిలు కొనివ్వలేదని నాయనతో వారం రోజులు మాట్లాడని పిల్లను నేను. ఈ విషయంలో మాత్రం ఎదురు చెప్పలేదు. చెప్తే ఆ ప్రకటన పని ఇంకొకరికి పోతుందేమోనన్న లెక్క కూడా నా మనసులో ఎక్కడో ఉంది. అడగందే అమ్మయినా పెట్టదంటారు. సారమ్మత్త అడిగింది. నోరు తెరిచి, దారి కాచి, చెయ్యి పట్టుకొని అడిగింది.

ఆదివారం ఆమె కిటికీ పక్కన కూర్చుంది. ఉతికిన చీర కట్టుకొని, తల మీద కొంగు వేసుకొని, నేను లేవకముందే నా వైపు చూస్తోంది. ముఖంలో సన్నగా నవ్వు. నేను లేచి, ఆమె తల మీదుగా గోడను చూస్తూ, వచ్చే శుక్రవారం కూడిక రాజరత్నం గారింట్లో అని చెప్పి కూర్చున్నాను. గొంతు బాగానే పలికింది. తర్వాత నిదానంగా సర్దిచెప్పుకోవచ్చు అనుకున్నాను. ముగింపు ప్రార్థన అయ్యి కళ్ళు తెరిచేసరికి కిటికీ పక్కన ఆమె లేదు. ఆ వారమంతా నేను చిత్తూరు బస్సు దిగి స్టేషను వెనక దారిన ఇంటికి పోయాను.

శుక్రవారం అందరం రాజరత్నం వాకిట్లో చెప్పులు వదిలి లోపలికి పోయాం. నడవ గుండా చూస్తే వెనక గది కనబడుతుంది. ఎర్రమట్టితో అలికి, చాప పరిచి, గుగ్గిళ్ళ గిన్నె మీద మూత పెట్టి, సారమ్మత్త ఆ గది వాకిట్లో నిలబడి ఉంది. ప్రకటన విన్న తర్వాత కూడా ఆమె ఎందుకు పరిచిందో నాకు చాలాకాలం అర్థం కాలేదు. ఒక్కరైనా, నేనైనా, ఇంకో నాలుగు అడుగులు లోపలికి వేస్తామని అనుకొని ఉంటుంది. రాజరత్నం డోలక్కు తీసి పాట ఎత్తాడు. అందరం కూర్చున్నాం. నాకు దొరికిన చోటు నుంచి ఆమె కనబడుతూనే ఉంది. పాట రెండో చరణంలో ఉండగా ఆమె చాప చుట్టి గోడకు ఆనించింది. గుగ్గిళ్ళ గిన్నెను తెచ్చి తోటికోడలి చేతికిచ్చి వెనక్కి పోయింది. కూడిక అయ్యాక వాటినే మాకు పంచారు. ఉప్పూ కారమూ భలే కుదిరినాయని అందరూ రాజరత్నం భార్యను మెచ్చుకున్నారు. నేనూ తిన్నాను.

వానలు పడేలోపల రాజరత్నం వెనక భాగంలో సైకిలు చక్రాలూ టైర్లూ తెచ్చి వేయడం మొదలుపెట్టాడు. సారమ్మత్త మళ్ళీ నా దగ్గరికి రాలేదు. ఈసారి పెద్దల దగ్గరికే పోయింది. పెద్దలు చర్చి వరండాలో కూర్చున్నారు. నేను ఆ పక్క గదిలో పాటల పుస్తకాలు సర్దుతూ విన్నాను. రాజరత్నం గొంతు పెంచలేదు. "ఇన్నేండ్లుగా కూడిక యెవరింట్లో అని చెప్తా ఉండారు మీరు? ఆ పొద్దు మేస్త్రీ కూతురు యెవరి పేరు చెప్పింది? అది నా ఇల్లని సంఘమే చెప్తా ఉండాది గదప్పా" అన్నాడు. చివరికి నాయనా, మిగతా పెద్దలూ ఆమెకు గోతంలోంచి బియ్యం కొంచెం ఎక్కువ ఇవ్వాలని తీర్మానించి ప్రార్థన చేసుకొని లేచారు. ఆమె ఆ బియ్యం కోసం రాలేదు. ఒక ట్రంకు పెట్టె తీసుకొని ఐరాల దగ్గర పల్లెలో ఉన్న తమ్ముడింటికి వెళ్ళిపోయింది. అటు పోయేవాళ్ళ చేతికిచ్చి కొంతకాలం బియ్యం పంపించాం. తర్వాత అటు పోయేవాళ్ళు దొరకలేదు, లేదా మేమే వెతకలేదు.

రాజరత్నం దుర్మార్గుడని రాస్తే నాకు సులువుగా ఉంటుంది. అట్లా రాయలేను. ప్రార్థనలో కన్నీళ్ళు పెట్టుకునేవాడు, మా నాయన చనిపోతే పాడె మోశాడు. తర్వాత సంఘ పెద్ద కూడా అయ్యాడు. నేను యువజనుల నాయకురాలినయ్యాను. తిరుపతిలో శిక్షణకు పంపారు. ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు, ఇక్కడి సంఘంలో ఒక కమిటీ నుంచి ఇంకో కమిటీకి. మాట్లాడటం వచ్చినవాళ్ళకే మాట్లాడే వీలు ఇచ్చుకుంటూ పోయాం, కుర్చీ ఉన్నవాళ్ళకే ఇంకో కుర్చీ వేశాం. ఆ సంఘంలో అందరికంటే బాగా అందరి కష్టం తెలిసిన మనిషి గ్లాసులు కడిగి కడిగి ఊరు విడిచి పోయింది. అప్పుడు బియ్యపు డబ్బా ఉండేది, ఇప్పుడు ఫోన్లో పంపే కానుక ఉంది. అప్పుడు చాపలు అడిగి తెచ్చుకునేవాళ్ళం, ఇప్పుడు అపార్టుమెంటు హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు. వరస ఇప్పుడు గ్రూపులో పెడతారు. శ్రీ సిటీ ఫ్యాక్టరీకి షిఫ్టుల మీద పోయే ఆడపిల్లలు మా సంఘంలో ఉన్నారు. ఒక్క గదిలో ముగ్గురు నలుగురు కలిసి ఉంటారు. ఈ మధ్యే గ్రూపులో నేనే రాశాను, పాపం అలిసిపోయి వస్తారు, వరసలో వాళ్ళ గది వదిలేద్దాం అని. అందరూ దణ్ణాల బొమ్మలు పెట్టారు. వాళ్ళలో ఎవరినీ అడగలేదు.

అది గుర్తొచ్చాకే, తరగతి రోజు ఇంకా రాకముందే, పాకాలకు పోయి అక్కడి నుంచి ఐరాల బస్సెక్కాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, అయినా పోయాను. చెరుకు తోటల పక్కన తమ్ముడి ఇల్లు. బయట మంచం మీద సారమ్మత్త ముడుచుకొని కూర్చొని ఉంది. చూపు బాగా తగ్గింది. అత్తా అని పిలవగానే, "మేస్త్రీ కూతురివి గదా. ఆ గొంతు మరిసిపోతానా" అంది. తమ్ముడి కోడలు కాఫీ తెచ్చిచ్చి లోపలికి పోయింది. దారి పొడుగునా కూడబెట్టుకున్న మాటలన్నీ చెప్పాను. నాయన మాట, నా లెక్క, గోడను చూస్తూ చెప్పిన పేరు, ఏదీ దాచలేదు. ఏడ్చాను కూడా. ఆమె అడ్డుపడకుండా వింది. పోనీలే అనలేదు. "మీరొచ్చింటే వాడు ఆగిండునో లేదో నాకు తెలీదు పాపా. ఆగకపోయుండొచ్చు. మీరు రాలేదు, అంతే" అంది.

కాసేపటికి నేనే మాట కలిపాను. మా తిరుపతి సంఘాన్ని ఒక రోజు ఇక్కడికి తీసుకొస్తానని చెప్పాను. కూడిక నీ దగ్గరే పెడదాం, సారమ్మింట్లో అని నేనే ప్రకటిస్తాను, పాటా ప్రార్థనా అన్నీ నువ్వే నడపాలి అన్నాను. చెప్తుంటే నాకే ప్రాణం తేలికపడింది. ఆమె ఇంట్లోకి తల తిప్పి, కోడలు ఎంత దూరంలో ఉందో చెవులతోనే చూసుకుంది. తర్వాత నా వైపు వంగి గొంతు బాగా తగ్గించింది.

"వొద్దు పాపా. ఇది మా తమ్మునిల్లు. వాండ్లు ఏమనుకుంటారో. కూడిక పెట్టుకునేదానికి నాకు ఇల్లు యాడుండాది?"